అయిదు నిమిషాల మాట
వాలంటీర్ల ముందు నిలబడి ఏం చెప్పాలి?

పోయిన ఏడాది మా తెలుగు బడి తరఫున రిలే ఫర్ లైఫ్ కార్యక్రమానికి ఒక జట్టు వెళ్ళింది. క్యాన్సర్ పరిశోధనకూ, రోగుల సహాయానికీ విరాళాలు పోగుచేసే నడక అది. వారం ముందు నిర్వాహకులు ఫోన్ చేసి, "నడక మొదలయ్యే ముందు మీ పిల్లల్లో ఒకరు వాలంటీర్లతో అయిదు నిమిషాలు మాట్లాడతారా? కాస్త ఉత్సాహం వచ్చేలా?" అని అడిగారు. సంతోషంగా సరేనన్నాం. ఫోన్ పెట్టేశాక భయం పట్టుకుంది.

వార్షికోత్సవానికి పిల్లలచేత పద్యాలు చెప్పించడం మాకు అలవాటే. కానీ ఇక్కడ వినేవాళ్ళలో ఆ జబ్బు పడి లేచినవాళ్ళుంటారు, అయినవాళ్ళను పోగొట్టుకున్నవాళ్ళుంటారు. వాళ్ళ ముందు పదిహేనేళ్ళ పిల్ల ఏం చెప్పాలి? ఆ వారం రోజుల్లో మేము నేర్చుకున్నది, ముందు ముందు మీలో ఎవరికైనా ఇలాంటి అవకాశం వస్తే పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాం.

ఈ నడక ఎలా పుట్టింది?

1985 మే నెలలో వాషింగ్టన్ రాష్ట్రంలోని టకోమా నగరంలో గోర్డీ క్లాట్ అనే సర్జన్ అమెరికన్ క్యాన్సర్ సొసైటీ కోసం ఒక మైదానం చుట్టూ 24 గంటలపాటు తిరిగారు. మొత్తం 83 మైళ్ళకు పైగా. ఆయన స్నేహితులు తలా 25 డాలర్లు ఇచ్చి, ఒక్కొక్కరు అరగంట చొప్పున ఆయనతో కలిసి నడిచారు, పరుగెత్తారు. అలా 27,000 డాలర్లు పోగయ్యాయి. మరుసటి ఏడాది 19 జట్లు వచ్చాయి. తరువాత అది ఊరూరా, దేశదేశాలా పాకింది.

మొదటి రౌండు క్యాన్సర్ నుంచి బయటపడ్డవాళ్ళు నడుస్తారు. చీకటి పడ్డాక కాగితపు సంచుల మీద పేర్లు రాసి, లోపల దీపాలు పెట్టి, దారి పొడుగునా ఉంచుతారు. మొదటిసారి చూసినప్పుడు మాకు కార్తీకమాసంలో చెరువుగట్టున వెలిగే దీపాలు గుర్తొచ్చాయి.

వినేవాళ్ళు ఎవరు?

మేము చేసిన మొదటి పొరపాటు ఇక్కడే. ఇంటర్నెట్టులో వెతికి, ఎంతమందికి క్యాన్సర్ వస్తోంది, ఎంతమంది పోతున్నారు అంటూ రెండు పేజీలు అంకెలు రాయించాం. చదివి చూసుకుంటే గుండె జారిపోయింది! వాలంటీర్లకు ఆ అంకెలు తెలియక కాదు, తెలిసే వచ్చారు. శనివారం పొద్దున్నే నిద్ర మానుకుని పార్కింగ్ చూపించడానికి, నీళ్ళ సీసాలు మొయ్యడానికి, చెత్తబుట్టలు మార్చడానికి వచ్చినవాళ్ళు వాళ్ళు. వాళ్ళకు భయపెట్టే మాట అక్కర్లేదు. "నేను మోసిన ఈ నీళ్ళ పెట్టెకూ, ఆసుపత్రి మంచం మీదున్న మనిషికీ ఏమిటి సంబంధం?" అన్న ప్రశ్నకు జవాబు కావాలి. ఆ సంబంధం చూపించగలిగితే చాలు, ఉత్సాహం దానంతట అదే వస్తుంది.

బోస్టన్‌లో ఒక రేడియో కార్యక్రమం

ఆ సంబంధాన్ని ఎలా చూపించాలా అని వెతుకుతుంటే మనవాడి పేరే ఎదురైంది. 1895లో భీమవరంలో పుట్టి, 1923లో అమెరికా వచ్చిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. కణాలు పెరగాలంటే ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్ కావాలి. చూడటానికి అచ్చం దానిలాగే ఉంటూ, దాని పని మాత్రం చేయని మందు ఇస్తే వేగంగా పెరిగే క్యాన్సర్ కణాలు మోసపోతాయి. సుబ్బారావు గారి నాయకత్వంలో లెడర్లీ సంస్థ పరిశోధకులు తయారుచేసిన అమినోప్టెరిన్ అలాంటి మందే. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ఆ మందును రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఇచ్చారు. 1948 జూన్‌లో ప్రచురించిన ఫలితాల ప్రకారం 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొంతకాలం తగ్గింది. అంతకు ముందు ఆ జబ్బుకు పనిచేసే మందే లేదు. సుబ్బారావు గారు అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు. ఆ మందుకు తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్‌ను ఇప్పటికీ వాడుతున్నారు. పిల్లల్లో ఎక్కువగా వచ్చే రకం రక్త క్యాన్సర్ నుంచి అమెరికాలో నేడు పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది బయటపడుతున్నారు.

మందు ఒక్కటే చాలదు, పరిశోధనకు డబ్బు కావాలి. 1948 మే 22న రాల్ఫ్ ఎడ్వర్డ్స్ అనే రేడియో వ్యాఖ్యాత, ఫార్బర్ దగ్గర చికిత్స పొందుతున్న పన్నెండేళ్ళ కుర్రాడితో మాట్లాడాడు. అసలు పేరు చెప్పకుండా "జిమ్మీ" అన్నారు. మాటల మధ్యలో ఆ అబ్బాయికి ఇష్టమైన బోస్టన్ బ్రేవ్స్ బేస్‌బాల్ ఆటగాళ్ళు ఆసుపత్రి గదిలోకే వచ్చి పలకరించారు. తరువాత, జిమ్మీకి వినపడకుండా, ఎడ్వర్డ్స్ శ్రోతలకు చెప్పాడు: ఈ అబ్బాయికి క్యాన్సర్, ఆ సంగతి అతనికి తెలియదు, 20,000 డాలర్లు వస్తే మంచం మీద నుంచే ఆట చూసుకునేందుకు టీవీ కొనిస్తాం అని. జనం 2 లక్షల 31 వేల డాలర్లకు పైగా పంపారు! జిమ్మీ ఫండ్ అలా మొదలైంది. జిమ్మీ బతికి, పెద్దవాడై, ట్రక్కు నడిపాడు. తన పేరు ఐనార్ గుస్టాఫ్‌సన్ అని 1998లో లోకానికి తెలిసింది. 2001లో, 65 ఏళ్ళ వయసులో, ఆయన చనిపోయారు.

ఈ కథలో మాకు మూడు సంగతులు కనిపించాయి. ఒకే ఒక్క మనిషి గురించి చెప్పడం. వినేవాళ్ళు తీర్చగలిగే చిన్న కోరిక ఒకటి అడగడం. రోగి పేరును కాపాడటం.

ఇంట్లో అడిగి చెప్పాలి

మా అమ్మాయి రెండోసారి రాసినప్పుడు అంకెలు తీసేసి, రాజమండ్రిలో ఉన్న తన అమ్మమ్మ గురించి రాసింది. ఆవిడకు రొమ్ములో గడ్డ కనిపించినా నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు. వాళ్ళమ్మ అది చదివి, "మన ఇంటి సంగతి పదిమందిలో పెడతావా?" అని బాధపడింది. ఆ తల్లి బాధ మాకు అర్థమైంది. మన ఇళ్ళలో ఆ జబ్బు పేరు కూడా పలకరు కదా, "పెద్ద జబ్బు" అంటారు. ఆడపిల్లల పెళ్ళిళ్ళకు అడ్డం వస్తుందని దాచేవాళ్ళూ ఉన్నారు.

మేము ఒక్కటే చెప్పాం: ఆ కథ అమ్మమ్మది, ఆవిడనే అడగండి అని. ఆదివారం ఫోన్‌లో అమ్మమ్మ అంతా విని, "నా పేరు చెప్పకు తల్లీ. కానీ నాలుగు నెలలు దాచుకుని తప్పు చేశానని మాత్రం చెప్పు" అంది. ఆవిడ వద్దనుంటే ఆ కథ వదిలేసేవాళ్ళం. ఎంత మంచి ఉపన్యాసమైనా ఒక మనిషి గుట్టు కంటే ఎక్కువ కాదు.

మాటల్లో జాగ్రత్త

"క్యాన్సర్‌తో పోరాడి ఓడిపోయారు" అనకండి. పోయినవాళ్ళు గట్టిగా ప్రయత్నించక పోలేదు. "అంతా మంచే జరుగుతుంది" అని మాట ఇవ్వకండి, అది మన చేతిలో లేదు. ఖర్మ అనీ, మందులకు బదులు ఇది తినండి అనీ సలహాలు వద్దు. జాలి వద్దు. అయిదు నిమిషాలు ఇస్తే నాలుగింటిలో ముగించండి. మాట్లాడేది ఇంగ్లీషులోనే అయినా ముందు తెలుగులో రాసుకోండి, అమ్మమ్మకు చదివి వినిపించగలిగేలా. మా అమ్మాయి అలాగే రాసింది. చివరికి కుదిరిన మాట ఇది:

"అందరికీ నమస్కారం. మా అమ్మమ్మ ఇండియాలో ఉంటుంది. తనకు క్యాన్సర్ వచ్చిందేమోనని అనుమానం వచ్చినా నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు. ఎందుకమ్మమ్మా అంటే, మీ అందరికీ ఇబ్బంది ఎందుకులే అంది. ఈ రోజు ఆరు గంటలకు నేను ఇక్కడికి వచ్చేసరికి, ఎవరో తెలియనివాళ్ళ కోసం మీరు నీళ్ళ పెట్టెలు మోస్తున్నారు. ఇబ్బంది పడుతున్నట్టు ఒక్కరూ కనిపించలేదు. మీ ఫోటో ఒకటి తీసి అమ్మమ్మకు పంపిస్తాను. మీకు ఒక చిన్న మనవి. మొదటి రౌండు నడిచేవాళ్ళు మీ టేబుల్ ముందు నుంచి వెళ్ళేటప్పుడు ఒక్క నిమిషం పని ఆపి, లేచి నిలబడి చప్పట్లు కొట్టండి. వాళ్ళు ఇబ్బంది కాదని వాళ్ళకు తెలియాలి."

మూడు నిమిషాలు కూడా పట్టలేదు. మొదటి రౌండు మొదలవగానే పార్కింగ్ దగ్గర జెండా ఊపుతున్నవాళ్ళు కూడా కంచె దాకా వచ్చి నిలబడి చప్పట్లు కొట్టారు. తరువాత ఒక పెద్దాయన మా అమ్మాయి దగ్గరకు వచ్చి, "మా ఆవిడ కూడా అలాగే దాచిందమ్మా" అని, ఇంకేమీ చెప్పలేక చెయ్యి పట్టుకుని నిలబడిపోయారు.

ఆ మరుసటి వారం మా బడి తల్లుల్లో ఇద్దరు ఎన్నాళ్ళుగానో వాయిదా వేస్తున్న మామోగ్రామ్‌కు అపాయింట్‌మెంట్ తీసుకున్నారు. మేము అడిగింది చప్పట్లే, వచ్చింది ఇంకా ఎక్కువ. రాజమండ్రిలో అమ్మమ్మ చికిత్స పూర్తయి, క్రమం తప్పకుండా పరీక్షలకు వెళ్తోంది. వాలంటీర్ల ఫోటో ఆవిడ ఫోన్‌లో ఉంది. ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళకూ చూపించి, ఆ జబ్బును పేరు పెట్టి మరీ చెబుతోందట.