గోడలోని సీల

పెద్దలారా, ఇనుము ఎంత దృఢమైనదైనను ఉప్పుగాలికి లొంగునని నెల్లూరు తీరవాసులైన మీకు నేను వేఱుగా చెప్పనక్కఱలేదు. మైపాడునందైనను, కృష్ణపట్నమునందైనను కిటికీ చువ్వలు తుప్పు రాల్చుచుండుట మీరెఱిగినదే. నేడు నేను చెప్పదలచినది కంటికి కనబడు చువ్వలను గుఱించి కాదు. గోడలో దాగి, ముంగిటి రేకులను, గోడకు తాపిన రాతిపలకలను పట్టి నిలుపు సీలలను, బోల్టులను గుఱించి.

తుప్పు తాను తినిన ఇనుముకంటె ఎక్కువ చోటు నాక్రమించును. కావున లోపలి సీల ఉబ్బి, తన్ను పట్టియున్న సిమెంటునే పగులగొట్టును. ఆ పగులుగుండ ఉప్పుతేమ మఱింత లోనికి పోవును. మీద వెల్ల వేసినచో పగులు కనబడదు. సీల మాత్రము సన్నగిల్లుచునే యుండును.

లెక్క చూడుడు. 12 మిల్లీమీటర్ల మందముగల సీల 9 మిల్లీమీటర్లకు దిగినదనుకొందము. మందము తగ్గినది పావువంతే. కాని బరువు మోయునది దానిని అడ్డముగా కోసిన కనబడు వైశాల్యము. అది 113 చదరపు మిల్లీమీటర్లనుండి 64కు దిగును. అనగా బలము సగమునకు కొంచెము పైగా మాత్రమే మిగులును.

దీనిని కన్ను తేల్చజాలదు. పరీక్షాశాలలో మేము సీల రెండు కొనలను యంత్రపు దవడలలో బిగించి తెగువఱకు లాగుదుము. మంచి మెత్తని ఉక్కు సాగి, ఒకచోట సన్నబడి, పిమ్మట తెగును. గుంటలుపడినది అంతగా సాగకయే తెగును. గోడలో నుండగనే లాగు పరీక్షయు గలదు. సీల తెగినదా, జాఱినదా, గోడముక్కతో ఊడినదా యని చూచి, దానినిబట్టి మరమ్మతు నిర్ణయింతుము.

స్కాట్లండులో 1879 డిసెంబరు 28న గాలివానలో టే నదిపై రైలువంతెన కూలి, రైలులోనివారందఱు మరణించిరి. దాని భాగములను డేవిడ్ కర్కాల్డీ లండనులోని తన పరీక్షాశాలలో లాగి చూచెను. కడ్డీలను స్తంభములకు తగిలించిన పోతయినుప చెవులు 60 టన్నులు మోయునని తలపగా, సుమారు 20 టన్నులకే విఱిగినవి. అంత వంతెనకును లోపము ఆ చిన్నపట్టులో నుండెను.

1927 నవంబరు తుపానును తాతలు చెప్పగా వింటిమి; 1984 నవంబరు తుపానును మీలో పలువురు కన్నులార చూచితిరి. కావున ఆశ్వయుజమునకు ముందే మీ ఊరి బడి, తుపాను ఆశ్రయభవనముల సీలలను ఇంజనీరుచే పరీక్ష చేయింపుడు. ఊడిన సీలను పాతయినుము క్రింద అమ్మివేయకుడు. అది యే గోడలో, ఎంత యెత్తున నుండెనో వ్రాసి చీటి కట్టి యుంచుడు. దాని ప్రక్కనే ఇంకను గోడలోనున్న సీలల సంగతిని అది తెలుపగలదు. తుపాను రాత్రి పిల్లలతో మీరు చేరునది ఆ గోడల నడుమనే గదా!