ఎవరి వైరు వారి చేతికి

పద్యనాటకం ముగిసి, మంగళం పాడిన తరువాత వేదికపై మరొక అంకం మొదలవుతుంది. దానికి ప్రేక్షకులు ఉండరు. రాత్రి రెండు గంటల వేళ, సగం దీపాలు ఆర్పిన పందిరిలో హార్మోనియం విద్వాంసుడు, కీబోర్డు వాయించే యువకుడు, డోలక్ కళాకారుడు, మైకుసెట్టు వారి కుర్రవాళ్లు అందరూ నేలకు వంగి వైర్లు వెదుకుతుంటారు. అన్నీ నలుపే, అన్నీ ఇంచుమించు ఒకే లావు. "ఇది నాది" అని ఒకరంటే, "కాదు, మా సెట్టుది" అని మరొకరంటారు. వ్యాను బయలుదేరే తొందరలో ఎవరి చేతికి అందినది వారి సంచిలోకి చేరుతుంది.

బళ్లారి రాఘవ (1880–1946) రంగస్థలంపై అడుగుపెట్టిన నాటికి నటుని కంఠమే చివరి వరుస వరకూ చేరవలసి ఉండేది. నేడు అదే బళ్లారిలో గాని, హోసూరులో గాని, రాయగడలో గాని చిన్న భజన బృందానికి సైతం మైకులు, మిక్సరు, వాటిని కలిపే డజను వైర్లు తప్పనిసరి. ఒకే ఉత్సవ వేదికపై రెండు మూడు బృందాలు వరుసగా ప్రదర్శన ఇచ్చినప్పుడు ఈ వైర్లు కలిసిపోవడం సహజం.

పోయిన వైరు వెల స్వల్పమే కదా అనిపించవచ్చు. కాని మరునాటి సాయంత్రం వేరొక ఊరిలో సంచి విప్పిన కళాకారునికి తన మంచి వైరు స్థానంలో లోపల తెగి, కదిలించినప్పుడల్లా కరకరలాడే పరాయి వైరు కనిపిస్తుంది. అంతకన్న పెద్ద నష్టం మరొకటి ఉన్నది. దొంగతనమే జరగని చోట దొంగతనపు అనుమానం పుట్టి, ఏళ్ల తరబడి కలిసి వాయించిన వారి మధ్య పలకరింపులు నిలిచిపోతాయి.

పొరపాటు ఒక్కొక్కసారి యంత్రానికే చేటు తెస్తుంది. కీబోర్డును మిక్సరుకు కలిపే వైరుకు, ఆంప్లిఫయరును స్పీకరు పెట్టెకు కలిపే వైరుకు రెండింటికీ 6.35 మిల్లీమీటర్ల పిన్నే ఉండవచ్చు. పైకి కవలలవలె కనిపించినా లోపలి నిర్మాణం వేరు. మొదటిదానిలో నడుమ ఒక సన్నని తీగ, దాని చుట్టూ కవచంవలె అల్లిన తీగల వల ఉంటాయి. రెండవదానిలో కవచం ఉండదు, రెండు లావుపాటి తీగలు మాత్రమే ఉంటాయి. స్పీకరు వైరును కీబోర్డుకు తగిలిస్తే చుట్టుపక్కల కరెంటు గుయ్యిమనే రొదగా పాటలోకి ప్రవేశిస్తుంది. సన్నని వైరును స్పీకరుకు తగిలిస్తే అది వేడెక్కి, ఆంప్లిఫయరు దెబ్బతినే ప్రమాదం ఉన్నది. కనుక వైరు ఎవరిదో తెలియడం ఎంత అవసరమో, ఏ పనికి ఉద్దేశించినదో తెలియడమూ అంతే అవసరం.

వస్తువులకు గుర్తులు పెట్టడం తెలుగువారికి కొత్త విద్య కాదు. ఇందులో రెండు సంప్రదాయాలు ఉన్నాయి. ఒకటి, పెండ్లి పాత్రలపై పేరు చెక్కించడం. రెండవది, బట్టలపై రజకులు పెట్టే గుర్తు. వారు నల్లజీడి రసంతో బట్ట అంచున ఎన్ని ఉతుకులకూ చెరగని చిన్న చుక్కలు, గీతలు పెట్టేవారు. పాత్రపై పేరు సొంతదారు కోసం. బట్టపై గుర్తు మాత్రం వందల బట్టలను విడదీసి ఇంటింటికీ చేర్చేవారి కోసం. సొంతదారుకు అది అర్థం కాకపోయినా నష్టం లేదు.

వైరుకు కావలసినది ఈ రెండవ తరహా గుర్తు. చీకటిలో, తొందరలో, నిద్రకళ్లతో వైర్లు చుట్టేవాడు సాధారణంగా సొంతదారు కాడు, మైకుసెట్టు కుర్రవాడు. అతనికి తెలుగు చదవడం రాకపోవచ్చు. బళ్లారిలో కన్నడ లిపి తెలుగుకు దగ్గర కాబట్టి కొంత నెట్టుకురావచ్చు. హోసూరులో తమిళం మాత్రమే, రాయగడలో ఒడియా మాత్రమే చదవగలిగిన వానికి తెలుగులో రాసిన పేరు ఒక బొమ్మతో సమానం. రంగు, అంకె మాత్రం అన్ని భాషలవారికీ తెలుస్తాయి.

కాబట్టి ప్రతి బృందం ముందుగా తన రంగును ఎంచుకుని, అదే వేదికకు వచ్చే తక్కిన బృందాలతో మాట్లాడి ఖాయం చేసుకోవాలి. ఆ రంగు పట్టీ పక్కన వైరు వరుస సంఖ్య, మీటర్లలో దాని పొడవు ఉండాలి. స్పీకరు వైర్లకు మాత్రం అదే రంగులో రెండు వెడల్పాటి పట్టీలు వేస్తే వేరుగా తెలుస్తాయి. అంకెలకు బదులు రంగులే వాడదలచినవారు రేడియో మరమ్మతుదారులు ఎరిగిన రెసిస్టరు వరుసను అనుసరించవచ్చు. సున్నకు నలుపు మొదలుకొని వరుసగా గోధుమ, ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం, ఊదా, బూడిద, చివర తొమ్మిదికి తెలుపు. పిన్ను వైపు నుండి చదివితే పసుపు, ఊదా పట్టీలు కలిసి 47 అవుతాయి.

అయితే రంగును ఒక్కదానినే నమ్మరాదు. ఎర్ర దీపం కింద ఎరుపు, తెలుపు ఒకే తీరుగా కనిపిస్తాయి, నీలం నల్లబడుతుంది. ఎరుపు, ఆకుపచ్చల భేదం తెలియని కన్నులు గలవారూ ఉంటారు. అందుకే రంగు పక్కన అంకె తప్పనిసరి. వైరు పొడవునా రంగు టేపు చుట్టడం కూడదు. ఎరుపు, పసుపు, నీలం కరెంటు ఫేజులకు, ఆకుపచ్చ ఎర్తుకు వాడుకలో ఉన్న రంగులు. వేదికపై కరెంటు వైర్లు కూడా పక్కనే ఉంటాయని మరువరాదు.

గుర్తు రెండు కొసలకూ ఉండాలి. ఒక కొస వాద్యం దగ్గర, మరొకటి మిక్సరు దగ్గర ఉంటాయి గనుక ఒకవైపే గుర్తు పెట్టడం సగం పని మాత్రమే. పిన్నును పట్టుకున్న చేయి కప్పివేయకుండా జానెడు దూరంలో పెట్టడం మేలు. సాధారణ ఇన్సులేషన్ టేపు వేసవి ఎండలో జిగురు కరిగి జారిపోతుంది. రాసిన సిరా చెమటకు చెరిగిపోతుంది. కాగితంపై అంకె రాసి, వైరుకు చుట్టి, దానిపై వేడికి ముడుచుకునే పారదర్శకపు గొట్టాన్ని తొడిగితే ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఇందుకు పిన్ను విప్పి, గొట్టాన్ని ముందే ఎక్కించి, తిరిగి టంకం వేయవలసి ఉంటుంది. అది కుదరనివారు కాగితంపై పారదర్శకపు టేపును రెండు మూడు చుట్లు బిగించి చుట్టి, అరిగినప్పుడల్లా మార్చుకోవచ్చు.

శాశ్వతమైన గుర్తును, ఆ రాత్రికి మాత్రమే పనికివచ్చే గుర్తును కలపరాదు. వైరుపై "హార్మోనియం" అని శాశ్వతంగా రాస్తే, రేపు అదే వైరు తబలా మైకుకు వెళ్లినప్పుడు మిక్సరు వద్ద ఉన్నవాడు తప్పు మీటను పెంచుతాడు. ఏ వాద్యం ఏ మీటపై ఉన్నదో మిక్సరు మీద అంటించిన తెల్లని గుడ్డ టేపుపై రాసి, ప్రదర్శన ముగియగానే తీసివేయాలి.

చెడిన వైరు విషయంలో మొహమాటం పనికిరాదు. అప్పటికప్పుడే దాని కొసకు ఒక ముడి వేసి వేరుగా ఉంచాలి. లేకుంటే అది మళ్లీ మంచివాటిలో కలిసి, మరొక ఊరిలో మరొక పద్యాన్ని నడుమ తుంచివేస్తుంది. బృందంలో ఒకరి వద్ద చిన్న పుస్తకం ఉండి, వచ్చినప్పుడు ఎన్ని వైర్లు దించారో, వెళ్లేటప్పుడు ఎన్ని ఎక్కించారో రాసుకుంటే, లోటు వ్యాను కదలకముందే తెలుస్తుంది.

ఇదంతా ఒక మధ్యాహ్నపు పని. పరాయి బృందం గుర్తు గల వైరు ఎప్పుడైనా సంచిలో కనిపిస్తే, ఎవరికి తిరిగి ఇవ్వాలో కూడా ఆ గుర్తే చెబుతుంది.