పట్టుకుపోయిన జీపు బ్రేకు డ్రమ్ము ఊడదీయడం ఎలా?

పాల రవాణాకు ఆటోలు, వ్యానులు వచ్చినా, మన గోదావరి జిల్లాలలో పుంత దారులకు, కాలువ గట్లకు, లంక గ్రామాలకు పాత జీపునే నమ్ముకున్న సంఘాలు ఉన్నాయి. స్వాతంత్ర్యం వచ్చిన తొలినాళ్ళలో మహీంద్రా వారు బొంబాయిలో విల్లీస్ జీపులను కూర్చడం మొదలుపెట్టారు. ఆ తరహా బండ్లు గట్టివి, మరమ్మతుకు సులువైనవి. కాని వాటి వెనుక బ్రేకు డ్రమ్ములు ఒకసారి పట్టుకుపోతే మాత్రం మనిషిని ఏడిపిస్తాయి. తొందరపడి సుత్తి అందుకుంటే వంద రూపాయల పని వేలకు పోతుంది. అందుకే ఈ పద్ధతిని సంఘ సభ్యుల కోసం వివరిస్తున్నాము.

ఎందుకు పట్టుకుంటుంది?

మన నేల నీటి నేల. 1986 ఆగస్టు 16న ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చిన వరదను పెద్దలు మరువలేదు. 2022 జూలైలోనూ లంకలు మునిగాయి. అంత వరద రాకపోయినా, ఇరుసు మునిగేంత నీటిలో నడిచిన జీపును అలాగే నాలుగు రోజులు షెడ్డులో నిలిపితే చాలు, డ్రమ్ము లోపల తుప్పు పట్టి లైనింగు దానికి అతుక్కుంటుంది. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలి ఈ పనిని ఇంకా త్వరగా చేస్తుంది.

మరో కారణం అరుగుదల. షూలు రాసుకున్న మేర డ్రమ్ము అరిగి, అంచున గట్టులా మిగులుతుంది. డ్రమ్మును లాగినప్పుడు షూలు ఆ గట్టుకు తగులుకుంటాయి. ఇక వీల్ సిలిండరు పిస్టన్లు బిగుసుకుపోతే షూలు వెనక్కు రానే రావు.

ముందుగా భద్రత

ఈ మాట ముఖ్యంగా గమనించాలి. పాత జీపులలో చాలావాటికి చేతి బ్రేకు వెనుక చక్రాల మీద ఉండదు. గేరు పెట్టె వెనుక ప్రొపెల్లరు షాఫ్టును పట్టుకుంటుంది. వెనుక చక్రం ఒకటి జాకీ మీద లేవగానే డిఫరెన్షియల్ వల్ల ఆ బ్రేకుకు పట్టు పోతుంది. గాలిలోని చక్రం ఒకవైపు, నేలమీది చక్రం మరొకవైపు తిరిగి బండి కదిలిపోతుంది. గేరులో ఉంచినా ఇంతే. కనుక చదునైన నేల మీద పెట్టి, మిగిలిన మూడు చక్రాలకు ముందూ వెనుకా దిమ్మలు వేయాలి. ఇరుసు కింద స్టాండు పెట్టాలి. జాకీని ఒక్కదాన్నే నమ్మి కింద దూరవద్దు.

చక్రం నట్లు బండి నేలమీద ఉండగానే వదులు చేసుకోవాలి. పాత జీపులలో ఎడమవైపు చక్రాలకు ఎడమ మర నట్లు ఉండవచ్చు. స్టడ్డు మీద ‘ఎల్’ అక్షరం ఉందేమో చూడండి. ఇది తెలియక బలంకొద్దీ వదులు చేస్తున్నామనుకుని బిగించి, స్టడ్లు తుంచుకున్నవారు ఎందరో ఉన్నారు.

షూలను వదులు చేయడం

డ్రమ్మును ముట్టుకోక ముందే షూలను లోపలికి తీయాలి. చక్రం లోపలివైపు ఉన్న బ్యాకింగ్ ప్లేటు మీద సర్దుబాటు నట్లు ఉంటాయి. వాటిని తిప్పితే షూలు డ్రమ్ము నుంచి దూరమవుతాయి. కొన్ని బండ్లకు ప్లేటులోని సందు గుండా పళ్ళ చక్రాన్ని తిప్పాలి. అప్పటికీ వదలకపోతే బ్లీడరు స్క్రూను కొద్దిగా తెరవండి. గొట్టంలో నిలిచిన ఒత్తిడి దిగుతుంది. చేతి బ్రేకు తీగ వెనుక చక్రాలకే వెళ్ళే తరువాతి నమూనాలలో ఆ తీగనూ వదులు చేయాలి.

ఏ రకం డ్రమ్ము?

ఇరుసు కొనన మధ్యలో పెద్ద నట్టు, దానికి కాటరు పిన్ను ఉంటే అది కోసుగా చెక్కిన ఇరుసు. హబ్బు, డ్రమ్ము కలిసి దాని మీద కీతో బిగిసి ఉంటాయి. దీనిని చేత్తో లాగితే రాదు, హబ్బు పుల్లరు కావాలి. చక్రం నేలమీద ఉండగానే పిన్ను తీసి, నట్టును కొన్ని చుట్లు మాత్రమే వదులు చేయండి. పూర్తిగా తీయవద్దు. బిగువు ఒక్కసారిగా వదిలితే డ్రమ్ము ఎగిరి మీద పడకుండా ఆ నట్టే ఆపుతుంది. చక్రం తీసి పుల్లరు బిగించి, దాని బోల్టు తలపై ఒక దెబ్బ వేసి, కాసేపు ఆగి మళ్ళీ బిగించండి. ఒక్కోసారి రాత్రంతా అలాగే ఉంచవలసి వస్తుంది. ఇరుసు కొన మీద మాత్రం సుత్తితో కొట్టరాదు. మరలు, బేరింగులు చెడతాయి.

పెద్ద నట్టు లేకుండా డ్రమ్ము స్టడ్లకు తొడిగి ఉంటే, చిన్న స్క్రూలు విప్పి, మధ్య అంచు చుట్టూ కిరసనాయిలు, ఇంజన్ ఆయిలు కలిపి చుక్కలుగా వేసి ఒక పూట ఆగండి. తరువాత స్టడ్ల మధ్య భాగంలో చెక్క దిమ్మ అడ్డుపెట్టి చుట్టూ సమంగా కొట్టాలి. బయటి అంచు మీద కొడితే పోత ఇనుము గనుక పగులుతుంది. డ్రమ్ముకు రెండు మర రంధ్రాలు ఉంటే, సరిపడే బోల్టులను రెండిటినీ సమంగా బిగిస్తే అదే బయటకు వస్తుంది.

గ్యాసు మంట జోలికి పోవద్దు. చాలా జీపులకు పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందనే ఉంటుంది. పైగా అక్కడ కిరసనాయిలు పోసి ఉన్నాము.

ఊడిన తరువాత

లోపలి దుమ్మును నోటితో ఊదరాదు. పాత లైనింగులలో రాతినార ఉంటుంది. అది ఊపిరితిత్తులకు ప్రమాదం. తడిగుడ్డతో తుడవండి. కిరసనాయిలు, గ్రీజు తగిలిన లైనింగు మళ్ళీ పనికిరాదు, మార్చవలసిందే. సిలిండరు కారుతున్నదేమో, ఇరుసు సీలు నుంచి ఆయిలు వస్తున్నదేమో చూడండి. అంచు గట్టును లేతు మీద తీయించవచ్చు. డ్రమ్ము మరీ పలుచబడితే కొత్తది వేయండి. నీటిలో నడిచిన బండికి డిఫరెన్షియల్ ఆయిలు పాలవలె తెల్లబడి ఉంటే వెంటనే మార్చాలి.

బిగించేటప్పుడు ఇరుసు కోసును శుభ్రంగా, పొడిగా ఉంచాలి, గ్రీజు పూయరాదు. కీ సరిగా కూర్చుని, నట్టు గట్టిగా బిగిసి, కొత్త కాటరు పిన్ను పడాలి. బ్రేకులలో బ్రేకు ఆయిలు తప్ప వేరేది పోయరాదు. ఇంజన్ ఆయిలు పోస్తే రబ్బరు ఉబ్బి మళ్ళీ పట్టుకుపోతుంది. షూలు సర్ది, గాలి తీసి, మనిషి నడక వేగంలో బ్రేకు పరీక్షించిన తరువాతే క్యాన్లు ఎక్కించండి.

రాకుండా చూసుకోవడం

నీరు దాటిన వెంటనే, మెల్లగా నడుపుతూ బ్రేకును కొద్దికొద్దిగా నొక్కితే లైనింగులు ఆరతాయి. బండిని కొన్నాళ్ళు నిలపవలసి వస్తే గేరులో ఉంచి, చక్రాలకు దిమ్మలు వేసి, చేతి బ్రేకు వదిలేయండి. ఏటా తొలకరికి ముందు ఒకసారి, వర్షాలు వెళ్ళాక ఒకసారి డ్రమ్ములు విప్పి శుభ్రం చేయించండి.

పట్టుకుపోయిన బ్రేకుతో ఉదయపు పాలు ఆలస్యమై విరిగితే ఒక పూట నష్టం. సగం పట్టే బ్రేకుతో కాలువ గట్టు మీద మలుపు తిరిగితే నష్టం అంతటితో పోదు. జీపు ఉన్న సంఘాల కార్యదర్శులు ఈ వ్యాసాన్ని తమ డ్రైవరుకు చదివి వినిపించవలసిందిగా కోరుతున్నాము.