బకోర్ పటేల్ కథలు: నామకల్పన, అనువాద సమస్య

సూరతునుండి వెలువడిన 'గాండీవ్' అను గుజరాతీ బాలపత్రికయందు 1936 మొదలు 1955 వఱకు బకోర్ పటేల్ హాస్యకథలు ప్రకటింపబడినవి. వీని కర్త హరిప్రసాద్ వ్యాస్ (1904-1980). కథానాయకుడు మేక, ఆతని యిల్లాలు శకరీ పటలాణి. న్యాయవాదియైన వాఘ్‌జీ పులి. హాథీశంకర్ ధమ్‌ధమియా ఏనుగు. వైద్యుడు ఊంటడియా ఒంటె. వీరందఱును వస్త్రములు ధరించి, పట్టణపు గృహస్థులవలె కాపురము చేయుచుందురు.

జంతుకథలు మనకు క్రొత్తవి కావు. చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వెలువడినది. అందలి మిత్రభేదమున సింహము నక్కమాట విని యెద్దును చంపును. అచ్చట జంతువుల జాతిస్వభావమే కథకు మూలము, నీతి ఫలము. వ్యాస్ కథలలో మేక పులికడకు న్యాయసలహాకై పోవును. భయము లేదు, భక్షణము లేదు. జంతువునకు మిగిలినవి రూపమును పేరును మాత్రమే. తక్కినదంతయు మన యింటి సంసారమే. బాలుడు తన యింటివారినే మేకరూపమున గుర్తించి నవ్వును.

కావున ఈ హాస్యమునకు పేరే కీలకము. గుజరాతీలో 'బకరో' యనగా మేక. ఆ ధ్వని 'బకోర్'లో వినబడును. 'వాఘ్' పులి, వాఘ్‌జీ యనునది మనుష్యులకును గల పేరే. 'హాథీ' ఏనుగు, దానికి 'శంకర్' చేరగనే గౌరవనీయుడైన గృహస్థు ఏర్పడును. పేరు వినిన తోడనే జంతువును మనిషియు నొక్కసారి స్ఫురింతురు.

దీనిని తెలుగు చేయుటెట్లు? ఈ ప్రశ్న కేవలము పండితచర్చ కాదు. మరమగ్గముల పరిశ్రమ నాశ్రయించి తెలంగాణమునుండి సూరతు చేరిన కుటుంబము లనేకములు. వారి పిల్లలకై ఆ నగరపాలక సంస్థ తెలుగు పాఠశాలలను నడపినది. ఆ బాలురు వీథిలో గుజరాతీని, ఇంట తెలుగును విందురు. పేర్లను యథాతథముగా వ్రాసినచో వారికి పరిహాసము తెలియును. వరంగల్లు బాలునకు తెలియదు. 'పటేలు' అన్నచో తెలంగాణమున పూర్వపు గ్రామాధికారి తోచును గాని, గుజరాతు నందలి యింటిపేరు తోచదు.

అయితే తెలుగున ఒక సౌకర్యము కలదు. మేకా, పులి, నక్కా యనునవి మన యింటిపేర్లే. భర్తృహరి సుభాషితములను తెనిగించిన కవి ఏనుగు లక్ష్మణకవి. 'పులివారు', 'మేకావారు' అన్న మాత్రమున మూలమందలి ద్వంద్వస్ఫురణ సిద్ధించును. ఒంటెకు మాత్రము క్రొత్తపేరు కల్పింపవలయును. పేర్లను తెలుగింటిపేర్లుగా మార్చి, ఊరిని, ఆచారములను సూరతు ప్రాంతమునందే నిలుపుట మేలైన మార్గము. అట్లు చేసినచో రెండు ప్రాంతముల బాలురును ఒక్కచోటనే నవ్వగలరు.