కొత్త ఇల్లు కార్తీకంలో చూడండి

మా నాయన ఉదయగిరిలో బేల్దారి మేస్త్రీ. నేను ఆత్మకూరులో ఇళ్ల ప్లాన్లు గీస్తాను. అందుకే బంధువుల్లో ఎవరు కొత్త ఇల్లు కొంటున్నా "అక్కా, ఒకసారి వచ్చి చూసిపో" అని ఫోను వస్తుంది. తీరా నేను పోయేసరికి అడ్వాన్సు ఇచ్చేసి ఉంటారు. ఉదయగిరి కోట కోసం కృష్ణదేవరాయలంతటివాడు ఏడాదికి పైగా ముట్టడి వేసి, 1514లో గానీ పట్టుకోలేకపోయాడు. మావాళ్లు మాత్రం ఫాల్స్ సీలింగ్ లైట్లు చూసి అరగంటలో లొంగిపోతారు.

"రెరా ఉంది కదా, భయమేంది?" అంటారు. 2016లో వచ్చిన ఆ స్థిరాస్తి నియంత్రణ చట్టం మంచిదే. కానీ స్థలం 500 చదరపు మీటర్లు దాటకపోతే రెరాలో నమోదు అక్కర్లేదు. మన నెల్లూరు లెక్కలో, అంకణం 72 చదరపు అడుగుల చొప్పున, అది దాదాపు 75 అంకణాలు. ఆత్మకూరులో చిన్న బిల్డర్లు కట్టి అమ్మేదేమో ఇరవై, ఇరవై అయిదు అంకణాల్లో. పెద్ద వెంచర్లో వరసగా కట్టిన ఇళ్లయితే రెరా నంబరు తప్పక అడగండి. అక్కడైతే ఇల్లు అప్పజెప్పిన అయిదేళ్లలో కట్టుబడి లోపం బయటపడితే, చెప్పిన 30 రోజుల్లో బిల్డరే తన ఖర్చుతో సరిచేయాలి. విడిగా కట్టిన ఇరవై అంకణాల ఇంటికి ఆ అండ లేదు. అన్నీ మనమే చూసుకోవాలి.

ఇల్లు కొత్తదైనా దాని కింద నేల పాతదే. మన మెట్ట ప్రాంతంలో డీకేటీ పట్టాల భూములు, అంటే సర్కారు పేదలకు అసైన్ చేసినవి, ఎక్కువ. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం ప్రకారం అవి చేతులు మారకూడదు. 2023లో చట్టాన్ని సవరించి, పట్టా పొంది ఇరవై ఏళ్లు నిండిన అసలు లబ్ధిదారులకు అమ్ముకునే హక్కు ఇచ్చారు. అయినా మీ సర్వే నంబరు 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషను నిషేధించిన భూముల పట్టీలో, ఉందో లేదో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తేల్చుకోకుండా రూపాయి ఇవ్వొద్దు. చుక్కల భూములు ఇంకో చిక్కు. పాత రికార్డులో యజమాని పేరుండాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేసిన భూములవి. వాటిని నిషేధం నుంచి తప్పించే కార్యక్రమాన్ని 2023 మేలో మన కావలిలోనే మొదలుపెట్టారు. "ఈసీ శుభ్రంగా ఉంది" అన్న మాటతో తృప్తి పడకండి. ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) కనిపించేది రిజిస్టరైన లావాదేవీలే, ఆ నేల సర్కారుదా కాదా అన్నది అందులో తేలదు. లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు), అడంగల్ (గ్రామ రెవెన్యూ రికార్డు) కూడా చూడాలి. ఇంటి పన్ను రసీదు హక్కు పత్రం కానే కాదు. ఇక ఆమోదించిన ప్లాను కాగితం చేత పట్టుకుని ఇంటి చుట్టూ నడవండి. ప్లానులో వదిలిన ఖాళీలోకి మెట్లు దిగి ఉండటం నేను చాలా ఇళ్లలో చూశాను.

అన్నిటికన్నా ముందు నేను చూసేది బోరు. ఉదయగిరి, వరికుంటపాడు వైపు భూగర్భ జలంలో ఫ్లోరైడ్ ఎక్కువని అందరికీ తెలుసు. కానీ ఇల్లు కొనేటప్పుడు నీళ్లు పరీక్ష చేయించేవాళ్లు అరుదు. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపుంటే మేలు, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరయ్యేకొద్దీ చిక్కనవుతుంది. శాంపిల్ వంటింటి కొళాయిలో పట్టొద్దు, ట్యాంకులో ట్యాంకరు నీళ్లు పోసి ఉండొచ్చు. మోటారు వేయించి, కాసేపు నీళ్లు పోనిచ్చి, బోరు పైపు దగ్గరే సీసా నింపండి. ఎండాకాలంలో బోరు ఎంతసేపు పోస్తుందో అమ్మేవాళ్లను కాదు, పక్కింటి ఆమెను అడగండి. సెప్టిక్ ట్యాంకు ఎక్కడుందో కూడా ఆమే చెబుతుంది.

2015, 2016ల్లో వరికుంటపాడు, వింజమూరు, ఉదయగిరి ప్రాంతాల్లో భూమి స్వల్పంగా పలుమార్లు కంపించింది. జనం ఆరుబయట పడుకున్న రోజులవి. అప్పటినుంచి మా నాయన పిల్లర్ల దగ్గర మరీ పట్టుదల మనిషి అయ్యాడు. పిల్లరు అడుగునా, తలదగ్గరా రింగులు దగ్గరదగ్గరగా పడాలి, రింగు కొనలు కాంక్రీటు లోపలికి వంగాలి. పూత పూశాక ఇవేవీ కంటికి కనబడవు. అయితే ఇప్పుడు ప్రతి మేస్త్రీ ఫోనులోనూ కడ్డీ కట్టిన రోజు, స్లాబు వేసిన రోజు తీసిన ఫొటోలు ఉంటాయి. వాటిని అడిగి చూడండి. ఫొటోలు లేవని నసిగితే అదీ ఒక సమాచారమే. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయే పగులు కనిపిస్తే ఇంజినీరుకు చూపించాలి. పూతలో వెంట్రుకంత సన్నని గీతలకు కంగారు అక్కర్లేదు.

మన జిల్లాకు వానల్లో పెద్దభాగం ఈశాన్య రుతుపవనాలవే, ఆశ్వయుజ కార్తీకాల్లో. మే నెలలో ఏ గోడైనా పొడిగానే ఉంటుంది. ముసురు పట్టి వెలిసిన మర్నాడు పోతే కప్పు మూలలో చెమ్మ, గోడ అడుగున పేలిన ఉప్పు, వాకిట్లో నిలిచిన నీళ్లు వాటంతటవే కనిపిస్తాయి. అన్నాళ్లు ఆగలేకపోతే బాత్రూము తూము గుడ్డతో బిగించి, నీళ్లు నిలగట్టి, మర్నాడు కింది కప్పు చూడండి. రూపాయి బిళ్లతో టైల్స్ మీద తట్టండి. డొల్ల మోత వస్తే కింద సిమెంటు సరిగా పట్టలేదని అర్థం.

చూసినవన్నీ అగ్రిమెంటులోకి ఎక్కాలి. మా పిన్నమ్మ కొడుకు కొన్నప్పుడు నేను మూడు షరతులు రాయించాను. నీటి రిపోర్టు వచ్చాకే రిజిస్ట్రేషను. ఏడాదిలో కప్పు కారితే అమ్మినవాళ్లదే ఖర్చు. చివరి విడతలో కొంత సొమ్ము ఒక వానాకాలం గడిచేదాకా మా దగ్గరే.

"ఏందమ్మా, పిల్లనిచ్చేటప్పుడు కూడా ఇన్ని అడగరే!" అన్నాడు అమ్మే ఆయన. మూడో షరతుకు ససేమిరా అన్నాడు. మొదటి రెండింటికీ ఒప్పుకుని, నేను వేలెత్తి చూపిన మెట్ల కింది గోడ పూత కొట్టించి మళ్లీ పూయించి ఇచ్చాడు.