పరపతి నివేదికలో తప్పు దొర్లినచో విచారణ జరుగు విధము

ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతములందు సార్వా, దాళ్వా సాగులకును, కొల్లేటి చుట్టుపట్ల చేపల చెరువుల మేతకును రైతులు బ్యాంకు ఋణములపై ఆధారపడుట మనమెరిగినదే. ఈనాడు బ్యాంకులు ఋణము మంజూరు చేయుటకు ముందు దరఖాస్తుదారుని పరపతి నివేదికను తెప్పించి చూచుచున్నవి. జనులు దీనినే ‘సిబిల్’ అందురు. అందు తీర్చిన అప్పు తీరనట్లు చూపబడినను, అదే ఇంటిపేరు, అదే పేరు గల మరియొకని బకాయి వచ్చి చేరినను, ఏ దోషము లేనివానికి అప్పు పుట్టదు. అదునుకు పెట్టుబడి అందక అతడు హెచ్చు వడ్డీకి తలయొగ్గవలసి వచ్చును. కావున ఇట్టి తప్పును దిద్దించు మార్గమును పంచాయతీ సభ్యులు ఎరిగియుండవలెను.

నివేదికలు ఎవరివి?

ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్ అను నాలుగు సంస్థలు రిజర్వు బ్యాంకు అనుమతితో ఈ పని చేయుచున్నవి. ఇవి అప్పులిచ్చునవి కావు; బ్యాంకులు పంపిన వివరములను కూర్చి యుంచును. ఒక్కొక్క సంస్థ నుండి సంవత్సరమునకొకసారి పూర్తి నివేదికను ఉచితముగా పొందవచ్చును.

విచారణ ఎక్కడ జరుగును?

తప్పు కనబడినచో ఆ సంస్థకు గాని, అప్పిచ్చిన బ్యాంకునకు గాని ఫిర్యాదు చేయవలెను. అయితే సంస్థ తనంతట తాను నివేదికను దిద్దజాలదు. 2005 నాటి పరపతి సమాచార సంస్థల చట్టము ననుసరించి, బ్యాంకు ధ్రువపరచిన పిమ్మటనే సవరణ జరుగును. అందుచే సంస్థ ఆ ఫిర్యాదును బ్యాంకునకు పంపును. బ్యాంకు తన లెక్కలను సరిచూచి బదులిచ్చును. అసలు విచారణ బ్యాంకులోనే జరుగుచున్నదన్నమాట. కావున అప్పు కట్టిన రసీదులు, పాసుపుస్తకము, బాకీ లేదను ధ్రువపత్రము అచ్చట దాఖలు చేయుట ముఖ్యము. పేరు కలిసిన సందర్భమున తండ్రి పేరు, పుట్టిన తేదీ, పాన్ సంఖ్య తేడాను తేల్చును. ఆ వివాదము కోర్టులో నున్నచో, అది తేలు వరకు సవరణ జరుగదు.

గడువులు

ఫిర్యాదు 30 దినములలో పరిష్కారము కావలెను. అందు బ్యాంకు 21 దినములలో సవరించిన వివరములను పంపవలెను. 2023 అక్టోబరులో రిజర్వు బ్యాంకు చేసిన ఉత్తరువు ప్రకారము, 30 దినములు దాటిన పిదప ప్రతి దినమునకు 100 రూపాయల చొప్పున ఫిర్యాదుదారునకు పరిహారము చెల్లును. ఈ నిబంధన 2024 ఏప్రిల్ నుండి అమలునకు వచ్చినది. అప్పటికిని న్యాయము జరుగనిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మనునకు రుసుము లేకుండ ఫిర్యాదు చేయవచ్చును. 2022 సెప్టెంబరు 1 నుండి ఈ సంస్థలు కూడ వారి పరిధిలోనికి వచ్చినవి.

నిజముగా ఎగవేసిన బాకీని ఎవరును చెరపజాలరు. సొమ్ము తీసికొని ‘సిబిల్ బాగుచేయుదుము’ అను దళారులను నమ్మరాదని సభ్యులు గ్రామస్థులకు నచ్చజెప్పవలెను. అప్పు తీర్చిన ప్రతివాడును రసీదును భద్రపరచుకొనునట్లును, ఫిర్యాదు చేసిన తేదీని, దాని సంఖ్యను వ్రాసి యుంచుకొనునట్లును చూచుట వారు చేయదగిన మేలైన సేవ.