ఇంగ్లీషు వాక్యమున సహాయక్రియ



ఇంగ్లీషు వ్యాకరణముతో మనకేమి పనియని తమరు అడుగవచ్చును. ఒక సంగతి మనవి చేసెదను. కొన్ని సంవత్సరముల క్రిందట మా గ్రామమున ఒక రైతునకు బాకీనిగూర్చి ఇంగ్లీషున తాఖీదు వచ్చినది. బడిపిల్లవాడొకడు దానిని చదివి, పొలము అమ్మబడునని చెప్పెను. రైతు భయపడి కాడియెద్దులను వచ్చిన ధరకు అమ్మి బాకీ తీర్చెను. పిమ్మట ఆ కాగితమును నేను చూచితిని. అందున్నది ‘విల్ బి సోల్డ్’ కాదు. ‘మే బి సోల్డ్’. అనగా అమ్మబడవచ్చునని మాత్రమే. గడువు ఇంకను నెలదినము లుండెను. ఆ పిల్లవాడు నా శిష్యుడే. వానిచేత క్రియలను వల్లెవేయించితిని గాని, ఈ భేదమును బోధింపనైతిని.

పని యేదో చెప్పునది ప్రధానక్రియ. ‘పే’ యనగా చెల్లించుట. ఆ పని తప్పనిదా, ఇష్టమైనదా, సాధ్యమా, జరిగినదా యని తెలుపునది సహాయక్రియ. ‘మే పే’ యనిన చెల్లింపవచ్చును. ‘మస్ట్ పే’ యనిన చెల్లించి తీరవలెను. ‘కెన్ పే’ యనిన చెల్లింపగలడు. ‘హాజ్ పెయిడ్’ అనిన చెల్లించియున్నాడు. తెలుగున ‘వచ్చును’, ‘వలెను’, ‘గలడు’ అనునవి క్రియకు వెనుక చేరును. ఇంగ్లీషున సహాయక్రియలు ముందు నడచును. ప్రధానక్రియ వాని వెనుక వచ్చును.

కాదనవలసినపుడు ‘నాట్’ అను మాట మొదటి సహాయక్రియ వెంట చేరును. ప్రశ్నింపవలసినపుడు ఆ సహాయక్రియయే కర్తకు ముందు వచ్చును. బడి గుమ్మమున పిల్లలు పలుకు ‘మే ఐ కమిన్’ అనుదానిలో ‘మే’ ముందుండుట కిదియే కారణము. సహాయక్రియ లేనిచోట ‘డూ’ అనుదానిని తెచ్చుకొందురు. అది ‘డిడ్’ అయి భూతకాలమును తానే మోయును. కావున ‘డిడ్ నాట్ పే’ యనవలెను. ‘డిడ్ నాట్ పెయిడ్’ అనుట తప్పు.

ఒక జాగ్రత్త. ‘బి’, ‘హావ్’, ‘డూ’ అనునవి ఒక్కొక్కచో తామే ప్రధానక్రియ లగును. ‘హి హాజ్ ఎ కౌ’ అనిన వానికి ఆవు గలదు. ‘హి హాజ్ సోల్డ్ ఎ కౌ’ అనిన ఆవును అమ్మివైచినాడు. ‘హాజ్’ ఒక్కటే, మొదటివాని యింట ఆవున్నది, రెండవవాడు అమ్మిన యావు పరుల పాలైనది. వెనుక మరియొక క్రియ యున్నదో లేదో చూచిన భేదము తెలియును.

కాబట్టి ఇంగ్లీషు కాగితమును చదివించుకొనునపుడు, అందు ఏ పని చెప్పబడినదని మాత్రమే అడుగక, దానికి ముందు ఏ మాట యున్నదో కూడ అడుగుడు. మూడక్షరముల మాట తెలియక మా రైతు ఎద్దులను పోగొట్టుకొనెను.